జావా వెబ్ ఫ్రేంవర్కు – కొత్తగా నేర్చుకొనేవారికి

జావా అనగానే మన గోదావరి జిల్లాలలో ముందుగా స్ఫురించేది రాగిజావ. కాస్త వయసు మళ్ళినవారి చెవిలో జావా మోటారుసైకిలు చప్పుడు మెదులుతుంది. నేనిక్కడ చెప్పబోయేది ఈ రెండూ కాదు. 1991లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గోస్లింగ్, ఆయన సహచరులు ప్రారంభించి, తొలుత 'ఓక్' అని పిలుచుకొని, 1995లో 'జావా' పేరుతో లోకానికి విడుదల చేసిన కంప్యూటరు భాష గురించి. ఆ పేరు జావా ద్వీపపు కాఫీని బట్టి వచ్చిందే గాని అందులో వేరే గూఢార్థమేమీ లేదు.

ఈ భాష మన సిలబస్సులో ఉన్నదే. ఇన్‌హెరిటెన్సుకీ, పాలిమార్ఫిజానికీ నిర్వచనాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. కాని చదువు పూర్తయి ఉద్యోగం కోసం వెళ్ళినచోట అడిగే ప్రశ్న వేరు. "స్ప్రింగు తెలుసునా? స్ప్రింగు బూట్ మీద ఏమైనా చేశారా?" అంటారు. అప్పుడు మనవాళ్ళు గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు అమీర్‌పేటలో దిగుతారు. ఒక గదిలో అయిదుగురు సర్దుకుంటారు, జిరాక్సు నోట్సు కొనుక్కుంటారు. ఇంటి దగ్గర నాన్నగారు దాళ్వా పంట డబ్బు పంపిస్తారు. అక్కడ నేర్పేదంతా దండగ అని నేను అనను. చాలామంది దానివల్లనే నిలదొక్కుకున్నారు. నా అభ్యంతరమల్లా వరుస మీదనే. పునాది చూపించకుండా మేడమీద గది చూపిస్తే, ఆ గదిలో చెమ్మ ఎక్కడినుంచి వస్తున్నదో అద్దెకున్నవాడికి తెలియదు. అందుకని ఆ వరుసను సరిచేసి, మన ఊరి సంగతులే ఉదాహరణలుగా, ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

ముందుగా, ఫ్రేంవర్కు అంటే ఏమిటండీ? దీనికీ లైబ్రరీకీ తేడా తెలియక చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. లైబ్రరీ అనేది పక్కింటి నుంచి తెచ్చుకున్న నిచ్చెన వంటిది. ఎప్పుడు వెయ్యాలో, ఎక్కడ వెయ్యాలో మన ఇష్టం. ఫ్రేంవర్కు పెళ్ళిపందిట్లో పురోహితుడి వంటిది. పద్ధతంతా ఆయన చేతిలో ఉంటుంది. మనం ఎదురుగా కూర్చుంటాం. ఆయన "అక్షింతలు వెయ్యండి" అన్నప్పుడు వేస్తాం, "బొట్టు పెట్టండి" అన్నప్పుడు పెడతాం. అంటే మన కోడును మనం నడపము; ఫ్రేంవర్కు దానికి తోచినప్పుడు మన కోడును పిలుస్తుంది. క్లాసులో మెయిన్ నుంచి మొదలుపెట్టి పైనుంచి కిందకు చదవడం అలవాటైనవాడికి ఇది మింగుడు పడదు. "ఈ ఫంక్షన్ని ఎవరూ పిలవడం లేదేమిటి?" అని మా జూనియర్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. మంచి ప్రశ్న. జవాబు కోసం ఒక్క మెట్టు కిందకు దిగాలి.

వెబ్ అప్లికేషను అంటే ఎంత పెద్దదైనా చివరకు ఉత్తర ప్రత్యుత్తరాలే. మన బ్రౌజరు ఒక ఉత్తరం రాస్తుంది. మొదటి పంక్తిలో ఏమి చెయ్యాలో ఒక క్రియ (గెట్ లేదా పోస్ట్), ఏ చిరునామాయో ఒక దారి. కింద కొన్ని హెడర్లు. ఆ తర్వాత ఒక ఖాళీ పంక్తి. దాని కింద, అవసరమైతే, ఫారంలో నింపిన సమాచారం. సర్వరు ఇదే ధోరణిలో జవాబు రాస్తుంది. దాని మొదటి పంక్తిలో ఒక అంకె: 200 అంటే సరే, 404 అంటే ఆ చిరునామాలో ఎవరూ లేరు, 405 అంటే చిరునామా సరే గాని క్రియ తప్పు, 500 అంటే లోపల ఏదో పగిలింది. ఇంకొక సంగతి, ఈ సర్వరుకు మహా మతిమరుపు. జవాబు ఇవ్వగానే మిమ్మల్ని మరిచిపోతుంది. మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుపట్టాలంటే రైల్వే క్లోక్‌రూములో ఇచ్చే చీటీ వంటిదొకటి చేతిలో పెడుతుంది. దానినే కుకీ అంటారు. ఇంతవరకు అర్థమైతే సగం వచ్చినట్లే. బ్రౌజరులో ఎఫ్12 మీట నొక్కి, నెట్‌వర్కు అనే భాగంలో ఈ ఉత్తరాలను కళ్ళారా చూడవచ్చు. ఫీజు అక్కర లేదు.

తొలిరోజుల్లో ఇటువంటి ఉత్తరం వచ్చినప్పుడల్లా సర్వరు ఒక కొత్త ప్రోగ్రామును లేపి, పని కాగానే దాన్ని ముగించేసేది. ప్రయాణికుడు వచ్చినప్పుడల్లా కొత్త పడవ చెక్కించి, ఆవలి రేవులో దింపగానే విరగ్గొట్టినట్లు. 1997లో వచ్చిన సర్వ్‌లెట్లు ఈ పద్ధతిని మార్చాయి. ఒకే లాంచీ రేవులో నిలబడి ఉంటుంది; ఎంతమంది వచ్చినా అందులోనే ఎక్కుతారు. ఈ 'ఒకే లాంచీ' అన్నమాటను కాస్త గుర్తుపెట్టుకోండి, దానితో మనకు ముందు ముందు పెద్ద పని ఉన్నది. తరువాత 2000లో క్రెయిగ్ మెక్లనహన్ స్ట్రట్స్ అనే ఫ్రేంవర్కు తయారుచేసి అపాచీ సంస్థకు ఇచ్చాడు. కొన్నేళ్ళపాటు అందరి నోటా అదే పేరు. ఆ రోజుల్లోనే పెద్ద పెద్ద కంపెనీలు వాడే జావా పద్ధతులు ఎంత బరువెక్కాయంటే, రెండు పంక్తుల పనికి పది ఫైళ్ళు రాయవలసి వచ్చేది. రాడ్ జాన్సన్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు (ఈయన డాక్టరేటు సంగీతశాస్త్రంలో, కంప్యూటర్లలో కాదు!) 2002లో ఈ బరువు అనవసరమని ఒక పుస్తకం రాసి, దానితోపాటు కోడు కూడా ఇచ్చాడు. ఆ కోడు నుంచి పుట్టిందే స్ప్రింగు. 2004 మార్చిలో దాని మొదటి పూర్తి వెర్షను వచ్చింది. చలికాలం తర్వాత వసంతం అని ఆ పేరు పెట్టారు. 2014లో వచ్చిన స్ప్రింగు బూట్ దీనికే తేలిక ప్రవేశద్వారం.

ఇహ స్ప్రింగు లోపలికి వెళదాం. దీనికి ధవళేశ్వరాన్ని మించిన ఉపమానం నాకు దొరకలేదు. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. దాని స్థానంలో 1982లో వచ్చిన ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. అక్కడ ఆపిన నీరు ధవళేశ్వరం హెడ్ స్లూయిస్ నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు పోతుంది. పెద్ద కాలువ, చిన్న కాలువ, చివరకు పంటబోదె. రైతెవడూ గోదావరిలోకి సొంతంగా గొట్టం వేసుకోడు. బోదె దగ్గర తూము చూసుకుంటాడు. స్ప్రింగులో ఆనకట్ట పేరు డిస్పాచర్ సర్వ్‌లెట్. వచ్చిన ప్రతి ఉత్తరమూ ముందు దాని దగ్గర ఆగాలి. ఏ దారి ఏ కాలువదో చెప్పే పటం ఒకటి దాని దగ్గర ఉంటుంది. పటం చూసి, మనం రాసిన కంట్రోలరులోని ఫలానా ఫంక్షనుకు ఉత్తరాన్ని వదులుతుంది. మనం చెయ్యవలసిందల్లా ఆ ఫంక్షను నెత్తిమీద ఒక అనోటేషను, అంటే @ గుర్తుతో మొదలయ్యే చిన్న చీటీ, అంటించి "ఈ దారిన గెట్ వస్తే నాకు పంపు" అని చెప్పడమే. మా జూనియర్ల ప్రశ్నకు జవాబు ఇదే. ఆ ఫంక్షన్ని పిలిచేది ఆనకట్ట.

ఈ ఉపమానాన్ని ఇంకొంచెం సాగదీస్తే ఒక నిత్యకష్టం తీరుతుంది. ఆయకట్టులో లేని చేనుకు కాలువ నీరు రాదు కదా! స్ప్రింగు బూట్‌కు కూడా ఆయకట్టు ఉన్నది. మెయిన్ క్లాసు ఏ ప్యాకేజీలో ఉన్నదో ఆ ప్యాకేజీ, దాని కింది ప్యాకేజీలు మాత్రమే అది వెతుకుతుంది. మీ కంట్రోలరును పక్క ప్యాకేజీలో పెట్టారనుకోండి; కోడు కంపైలు అవుతుంది, సర్వరు లేస్తుంది, ఎక్కడా ఎర్రగీత రాదు. బ్రౌజరులో మాత్రం 404. కోడంతా పదిసార్లు చదివినా తప్పు కనిపించదు, ఎందుకంటే తప్పు కోడులో లేదు, సరిహద్దులో ఉన్నది.

స్ప్రింగులో రెండవ ముఖ్య విషయం డిపెండెన్సీ ఇంజెక్షను. పేరు చూసి జడుసుకోకండి. మన వైపు పెళ్ళిళ్ళలో వంటమేస్త్రి ఏమి చేస్తాడు? పదిరోజుల ముందు వచ్చి సరుకుల పట్టీ రాసి ఇస్తాడు: కందిపప్పు ఇంత, నెయ్యి ఇంత, పనసకాయలు ఇన్ని. తాను బజారుకు వెళ్ళడు. పెళ్ళివారు తెచ్చి ఇస్తారు, ఆయన వండుతాడు. క్లాసు కూడా అంతే. తనకు కావలసిన వస్తువుల పట్టీని కన్‌స్ట్రక్టరులో రాసుకుంటుంది. తనకుతానుగా 'న్యూ' అని సృష్టించుకోదు. స్ప్రింగు ఆ పట్టీ చదివి వస్తువులు తెచ్చి ఇస్తుంది. ఇందులో లాభమేమిటంటే, రేపు మీరు పరీక్ష చేసి చూసుకోవాలంటే అసలు డేటాబేసు లేకుండానే ఉత్తుత్తి సరుకు ఇచ్చి మేస్త్రి చేత వండించవచ్చు. ఫీల్డు మీద అనోటేషను పెట్టి సరుకు రప్పించే పద్ధతి కూడా పాత నోట్సులలో కనిపిస్తుంది గాని, పట్టీ పైకి కనబడే కన్‌స్ట్రక్టరు పద్ధతే మేలు.

ఒక వరద లెక్క

మాటలు చాలు, ఒక చిన్న అప్లికేషను కడదాం. విద్యార్థుల రికార్డు, లైబ్రరీ పుస్తకాలు అందరూ చేసేవే. మనం గోదావరి నీటిమట్టం తీసుకుందాం. ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఎగువన భద్రాచలం దగ్గర ఇవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. ఈ అంకెలు లంక గ్రామాలవారికి కంఠతా వచ్చు. మన అప్లికేషనులో కేంద్రం పేరు, మట్టం ఇస్తే ఏ హెచ్చరిక అమలులో ఉన్నదో చెప్పాలి. అంతే.

హద్దుల అంకెలు కంట్రోలరులో రాయకూడదు. కంట్రోలరు పని ఉత్తరం తీసుకొని జవాబు పంపడం వరకే. లెక్క సర్వీసు అనే క్లాసులో, అంకెలు డేటాబేసులోనో కాన్ఫిగరేషను ఫైలులోనో ఉండాలి. పోల్చేటప్పుడు పెద్ద హద్దు నుంచి కిందకు రావాలి. చిన్నదానితో మొదలుపెడితే 18 అడుగులు కూడా 11.75 దాటినదే కాబట్టి అక్కడే ఆగిపోయి "మొదటి హెచ్చరిక" అంటుంది. సరిగ్గా 11.75 వచ్చినప్పుడు హెచ్చరిక ఉండాలి గనుక 'ఎక్కువ' కాదు, 'ఎక్కువ లేదా సమానం' అని రాయాలి. (ముప్పావు అనేది రెండు ఆధారపు సంఖ్యామానంలో ఖచ్చితంగా రాయగలిగిన భిన్నం కావడం ఇక్కడ మన అదృష్టం. 75.6ను అలా రాయలేము. డబుల్ అనే రకంలో సమానం కోసం పోల్చేవారు ఈ సంగతి లెక్కల మాస్టారిని అడిగి తెలుసుకోవాలి.)

ఇప్పుడు ఆ లాంచీ సంగతి. కొత్తగా రాసేవారు చాలామంది కేంద్రం, మట్టం అనే రెండింటిని కంట్రోలరు క్లాసులో ఫీల్డులుగా పెడతారు. క్లాసులో మనం నేర్చుకున్న పద్ధతి అదే కదా: విద్యార్థి అనే క్లాసు, దానికి పేరు, మార్కులు అనే ఫీల్డులు. కాని స్ప్రింగు, వేరే చెప్పకపోతే, కంట్రోలరు వస్తువును ఒక్కదాన్నే సృష్టిస్తుంది. అడిగేవారు వెయ్యిమంది ఉన్నా వస్తువు ఒక్కటే. స్ప్రింగు బూట్ లోపల ఉండే టామ్‌కాట్ సర్వరు మామూలుగా 200 థ్రెడ్ల వరకు నడుపుతుంది. అంటే ఒకే సమయంలో రెండువందల చేతులు ఆ ఒక్క వస్తువు మీద పనిచేయవచ్చు.

ఏమవుతుందో చూడండి. కోనసీమ లంకలోని ఒకాయన ధవళేశ్వరం, 18 అడుగులు అని పంపాడనుకుందాం. అది మూడవ హెచ్చరిక దాటిన మట్టం. ఫీల్డులలో ఆ రెండూ పడ్డాయి. పోల్చబోయే లోపల భద్రాచలం నుంచి మరొకాయన ఉత్తరం వచ్చి, కేంద్రం అనే ఫీల్డులో 'భద్రాచలం' అని రాసేసింది. మట్టం ఇంకా రాయలేదు. ఇప్పుడు మొదటి థ్రెడ్డు మళ్ళీ కదిలి చూస్తే దాని ఎదుట ఉన్నది భద్రాచలం, 18 అడుగులు. 43తో పోల్చింది. "ఏ హెచ్చరికా లేదు" అని లంకలో ఉన్నాయనకు జవాబు పంపింది.

హోటల్లో వంటగది ముందు ఒకే పలక పెట్టి, సర్వర్లందరూ దానిమీదనే ఆర్డర్లు తుడిచి తుడిచి రాస్తే ఏమవుతుందో ఇదీ అదే. ఎవరి చీటీ వారికి ఉండాలి. ఆ చీటీయే లోకల్ వేరియబులు. ఫంక్షను లోపల ప్రకటించినది ఏ థ్రెడ్డుకు ఆ థ్రెడ్డు స్టాకులో విడిగా ఉంటుంది, ఇంకొకరు తుడవలేరు. కాబట్టి ఉత్తరంతో వచ్చిన సమాచారాన్ని ఫంక్షను పారామీటర్లుగా తీసుకొని, పారామీటర్లుగానే సర్వీసుకు అందించాలి. ఫీల్డులలో ఉండదగినవి మారనివి మాత్రమే: మేస్త్రికి తెచ్చిచ్చిన సరుకు, అంటే సర్వీసు, రిపాజిటరీ వంటివి. వాటిని 'ఫైనల్' అని రాస్తే ఇంకా క్షేమం.

ఈ తప్పులో భయంకరమైన సంగతి ఒకటున్నది. మీరు ఒక్కరే కూర్చుని వందసార్లు పరీక్షించినా ఇది బయటపడదు. లాబొరేటరీలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు గారు వచ్చి చూసినా పూర్తి మార్కులు వేస్తారు. అందరూ ఒక్కసారిగా చూసినప్పుడే పడుతుంది. వరద సమాచారం అందరూ ఒక్కసారిగా చూసేది ఎప్పుడంటే, వరద వచ్చినప్పుడు.

తెలుగు అక్షరాల పేచీ

మన పేజీలో ఊరి పేరు తెలుగులో నింపితే డేటాబేసులో అన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపించడం చాలామందికి అనుభవమే. తెలుగుకు యూనికోడులో 1991 నాటి మొదటి వెర్షను నుంచీ చోటు ఉన్నది, 128 స్థానాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. బ్రౌజరు, జావా, డేటాబేసు – ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు వేరే పద్ధతిలో చదివినా అక్షరాలు చెడతాయి. జావాకు యూటీఎఫ్-8 స్వతస్సిద్ధం అయినది 2022లో, 18వ వెర్షనుతో. అంతకు ముందు వెర్షన్లు విండోసు మీద ఆ కంప్యూటరు అలవాటు ప్రకారం నడిచేవి. మైఎస్‌క్యూఎల్ పట్టికలు యూటీఎఫ్8ఎంబీ4లో ఉన్నాయో లేదో తప్పక చూసుకోవాలి. ఒకసారి ప్రశ్నార్థకంగా దిగిన అక్షరం మళ్ళీ తిరిగి రాదు.

ఇంతకంటె తమాషా పొడవు లెక్కలో ఉన్నది. జావా అక్షరాలను మనలాగా లెక్కపెట్టదు. గుణింతం గుర్తును, పొల్లును, సున్నను విడివిడిగా లెక్కపెడుతుంది. 'గోదావరి' మనకు నాలుగక్షరాలు, జావాకు ఏడు. ఊరి పేరుకు గరిష్ఠం పది అని వాలిడేషను అనోటేషను పెట్టారనుకోండి. 'రాజమండ్రి' తొమ్మిది కాబట్టి లోపలికి వెళుతుంది. 2015లో ప్రభుత్వం మార్చిన పేరు 'రాజమహేంద్రవరం' పదమూడు కాబట్టి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది! ఇంగ్లీషు పేర్లతోనే నేర్చుకున్నవాడికి ఈ చిక్కు ఉన్నట్టే తెలియదు. తెలుగులో ఫారాలు తయారుచేసే భాగ్యం మనకే ఉన్నది గనుక మనమే చూసుకోవాలి.

తప్పు వచ్చినప్పుడు తెర నిండా పడే వంద పంక్తుల స్టాక్ ట్రేసును చూసి బెదిరి ఆ కిటికీ మూసేసేవారున్నారు. దాన్ని పైనుంచి కాదు, కిందనుంచి చదవాలి. 'కాజ్‌డ్ బై' అన్న మాటలు ఎన్నిచోట్ల ఉన్నా, అన్నిటికంటె చివరిదే సాధారణంగా అసలు కారణం. దాని కింద మన ప్యాకేజీ పేరు ఉన్న మొదటి పంక్తి వెతికితే, ఫైలు పేరు, పంక్తి సంఖ్య అక్కడే ఉంటాయి.

పాత నోట్సు వాడేవారికి ఇంకొక చిక్కు. స్ప్రింగు బూట్ 3.0 (2022 నవంబరు) నుంచి జావా 17 గాని ఆపై వెర్షను గాని కావాలి. అంతవరకు 'జావాఎక్స్' అని మొదలయ్యే సర్వ్‌లెట్, వాలిడేషను ప్యాకేజీల పేర్లు 'జకార్తా' అని మారాయి. (జకార్తా జావా ద్వీపంలోని నగరమే. పేరు మారినా ద్వీపం దాటలేదన్నమాట.) సగం కోడు పాత పుస్తకం నుంచి, సగం కొత్తదాని నుంచి దించితే కంపైలు కాదు. వెర్షన్ల విషయం చాదస్తమనుకోవద్దు. 2017 మార్చిలో స్ట్రట్స్‌లో ఒక లోపం బయటపడి, దానికి సవరణ కూడా అప్పుడే ఇచ్చారు. అమెరికాలో అప్పుల చరిత్రలు భద్రపరిచే ఈక్విఫాక్స్ కంపెనీ ఒక సర్వరులో ఆ సవరణ వేసుకోలేదు. మే నెల నుంచి దొంగలు అందులోంచి దూరి, సుమారు 14 కోట్ల 70 లక్షలమంది వివరాలు ఎత్తుకుపోయారు. సవరణ ఉచితంగా దొరికేదే.

నేర్చుకునే వరుస నన్నడిగితే, మొదటి వారం ఫ్రేంవర్కు జోలికి పోకుండా ఒక్క సర్వ్‌లెట్టు చేత్తో రాసి టామ్‌కాట్‌లో నడపమంటాను. రెండవ వారం జేడీబీసీతో ఒక్క పట్టిక, అందులోనూ ప్రిపేర్డ్ స్టేట్‌మెంటు మాత్రమే. ఆ తరువాతే స్ప్రింగు బూట్. అప్పుడు అది మనకు ఏయే చాకిరీ తప్పించిందో తెలుస్తుంది, అది చెడిపోయినప్పుడు ఎక్కడ చూడాలో కూడా.

ఆసక్తి ఉన్నవారు ఈ ప్రయోగం చేయండి. వరద కంట్రోలరును కావాలనే ఫీల్డులతో రాయండి. విలువలు రాసిన తర్వాత, పోల్చడానికి ముందు, థ్రెడ్డును అయిదు సెకన్లు నిద్రపుచ్చే ఒక పంక్తి పెట్టండి. ఒక కిటికీలో ధవళేశ్వరం, 18 అని అడిగి, వెంటనే రెండవ కిటికీలో భద్రాచలం, 40 అని అడగండి. మొదటి కిటికీలో ఏ ఊరి జవాబు వచ్చిందో చూడండి. తరువాత ఆ రెండు ఫీల్డులూ తీసివేసి పారామీటర్లుగా మార్చి, నిద్ర పంక్తిని అలాగే ఉంచి, మళ్ళీ అడగండి.